వాపసు గొట్టం

తాడ్వాయి నుంచి వట్టం ముత్తయ్య తెచ్చిన జీపుకు
రెండు పొట్టలు.
డ్రైవరు సీటు కింద ఒకటి, ఎడమ దిక్కు ఇంకోటి.
అడవి తొవ్వల బంకు దొరకని కాలంల
ఎవలో ముందుచూపుతోని అతికిచ్చిండ్రు.
నడుమ ఒక ఇత్తడి మర.
ఇటు తిప్పితే ఇది, అటు తిప్పితే అది.
పాత ఇంజనుకు ఆ తెలివి సరిపోయింది.

ఆ ఇంజనేమో ఆయిలు తాగి పొగ కక్కవట్టె.
లక్ష్మీపురం తుక్కు దుకాణంల
వెనక నుజ్జయిన కారొకటి దొరికింది,
ముందర గీత సుత పడలే.
ఇంజను, జడ తీరు వైర్లు, అరచెయ్యంత కంప్యూటరు డబ్బ,
అన్నీ గోనెసంచిల మూటగట్టి
ములుగు రోడ్డు షెడ్డుకు తెచ్చిన.

మా ఉస్తాదు యాకూబ్ పాషా దాన్ని ముట్టలే.
కార్బురేటరు కాలం మనిషి.
మర పావు చుట్టు తిప్పి, చెవి ఒగ్గి
గాలెక్కువైందో పెట్రోలు తక్కువైందో చెప్పెటోడు.
ఇప్పుడా చెవులు సగమే వింటయి.
స్టూలు మీద కూసోని, చాయ సాసర్ల వంపుకుంట
"దీనికి ముక్కేడున్నదిరా?" అన్నడు.

ఇది పీల్చదు ఉస్తాద్, సూదులేస్తది.
పాత పంపు నాలుగు పౌండ్లతోని బతిమిలాడేది,
దీనికి నలభై పౌండ్లతోని గద్దియ్యాలె.

పాత రబ్బరు గొట్టం మొదటి గద్దింపుకే పగిలింది.
నా అంగి తడిసి ముద్దయింది.
పక్క షెడ్డుల కొమురెల్లి వెల్డింగు బందువెట్టి
తిట్టిన తిట్లు
ఇప్పటికీ పెట్రోలు వాసనొస్తయి.

ఎనిమిది దినాలు.
తొమ్మిదో నాడు తాళం తిప్పితే
"సప్పుడే లేదు, నడుస్తాందా?" అన్నడు ముత్తయ్య.
నడిచింది. ములుగు దాటి గట్టమ్మ దాక నడిచింది.
కొబ్బరికాయ కొడదామని ఆపినం.
చూస్తే కుడి టాంకి అడుగంటింది,
ఎడమ మూత సందుల నుంచి
బొట్లు బొట్లు మట్టిల పడుతానయి.
ఏడడుగుల అవతల ఒకామె
కర్పూరానికి అగ్గిపుల్ల గీస్తాంది.
ముత్తయ్య ఏసిన కేకకు
దండం పెట్టెటోల్ల చేతులు గాల్లనే ఆగినయి.

కడిగి, ఆరవెట్టి, మర ఎడమకు తిప్పి
నిమ్మలంగ ఇంటికొచ్చినం, చుక్క కారలే.
గదే నాకు నిద్ర పట్టనియ్యలే.
ఎడమకైతే ఏం బాధ లేదు,
కుడికైతేనే ఎందుకు?

తెల్లారి ఉస్తాదు చెవుల అరిచి చెప్పిన.
"తెచ్చినదంత ఇంజను తాగదా?"
తాగదు. పది చెంచాలు పోస్తే రెండు తాగి
ఎనిమిది వాపసిస్తది.
"ఏడికి?"
ఎడమకు. పాత గొట్టమొకటి ఖాళీగుంటే దానికే కలిపిన.
"తెచ్చుడు?"
కుడి నుంచి.

సాసరు కింద పెట్టిండు.
"పక్కింట్ల చేబదులు తెచ్చిన ఉప్పు
ఎదురింట్ల ఇస్తవార, పిచ్చోడా?"

రాణిగంజుల నాలుగు దుకాణాలు తిరిగితే
ఆరు మూతుల మర దొరికింది.
తెచ్చుడు, ఇచ్చుడు ఒక్క పిడి మీదనే.
ఏ టాంకి పెట్టిందో ఆ టాంకికే మిగులు.
బిగిచ్చినంక ఉస్తాదు లేచొచ్చి
వాపసు గొట్టం మీద అరచెయ్యి పెట్టిండు,
కండ్లు మూసిండు.
చెవికందనిది చేతికందింది.
"వస్తాంది" అన్నడు.

ముత్తయ్య పైసలిచ్చి పోయిండు, మూడు వందలు బాకి.
జీపు మలుపు తిరిగినంక అడిగిన:
ఉస్తాద్, నీ కాడ తెచ్చుకున్న పనంత
నేనీ పోరడు ఐలేశుకు పోస్తున్న.
వాడు వేరే టాంకి గదా.
లెక్క తప్పిందా?

వినవడలేదో, వినదలుచుకోలేదో.
చాయ సల్లారిందని
ఐలేశును ఇంకోటి తెమ్మన్నడు.